నీళ్ళకెళ్ళే దొర

సూర్యుడొచ్చిన రెండో రోజు

రెండో గొట్టం ఒత్తిడి బాగుంది. నాలుగోది మూలుగుతోంది. దానిదీ నాదీ ఒకటే వయసు కాబట్టి నేనేమీ అనను. కొట్టుగదికి గాలినిచ్చే గొట్టం ఆరేళ్ళుగా మూసి ఉండేది, ఇవాళ తెరిచాను. అందులో ఒక మనిషిని పెట్టారు. మనిషిని పెట్టాక గాలీ పెట్టాలి కదా.

ఈ పుస్తకంలో గొట్టాల సంగతి తప్ప మరొకటి రాయకూడదని నియమం. నలభై ఒక్క ఏళ్ళుగా ఇది రాస్తున్నాను, నలభై ఒక్క ఏళ్ళుగా ఆ నియమం తప్పుతున్నాను. నాకు చదువు చెప్పింది పంపులతో పాటు వచ్చిన కాగితాలు. "మూత బిగించే ముందు ఒత్తిడి చూడుము" అన్నది నేను కూడబలుక్కుని చదివిన మొదటి వాక్యం. అంతకన్నా మంచి వాక్యం ఆ తరవాత ఏ పుస్తకంలోనూ నాకు తగల్లేదు.

లోపల పెట్టిన మనిషి మిట్టబిలం వాడు. మేము పాతబిలం వాళ్ళం. రెండూ చంద్రుడి పొట్టలోని సొరంగాలే, మధ్యలో ఒక గుట్ట. నిన్న వాడు మా నాచు తొట్ల దగ్గరికి దూరి గాలి జల్లెడ ఒకటి విప్పుకుపోబోయాడు. పారిపోతూ రెండు తొట్లు పగలగొట్టాడు. మా గాలి ఆ నాచు నుంచే. ఉన్నవి తొమ్మిది తొట్లు, పీల్చేవాళ్ళం నూట నలభై రెండు మంది. పోయిన నాచు మళ్ళీ పట్టడానికి పద్దెనిమిది రోజులు. అందాకా అందరికీ తలనొప్పి. పిల్లల్ని పరిగెత్తవద్దని కూర్చోబెట్టారు. కూర్చున్న పిల్లలంత భయపెట్టేది ఊళ్ళో ఇంకొకటి లేదు.

పట్టుకున్నది కూర్మయ్య. నిద్రలో నడుస్తూ గుద్దుకున్నాడని ఊళ్ళో అంటున్నారు. కూర్మయ్యను ఎరిగినవాడిగా నేను కాదనలేను.

మూడో రోజు

ఇవాళ ఆటరోజు. ఊరు ఊరంతా తల పట్టుకుని కూర్చున్నా మా నలుగురం ఆడాం.

కథలూ తీర్పులూ వేరే నోటుపుస్తకాల్లో రాసుకుంటాను గానీ, ఆ ఆట ఎలా ఆడతామో ఎక్కడా రాసిపెట్టలేదు, ఇక్కడ రాస్తాను. మా నాయనమ్మ భూమి మీంచి ఏడు గవ్వలు కొంగున ముడేసుకుని తెచ్చింది. సామాను బరువు తూచేవాడు ఇవెందుకని అడిగితే, "నీకెందుకు బాబూ" అందట. ఆ ఏడు గవ్వలతోనే మా ఆట. నేను కథ నడుపుతాను. గుహలున్నాయంటే ఉంటాయి, నిధి ఉందంటే ఉంటుంది. మిగతా ముగ్గురూ ఆ కథలో మనుషులు. కూర్మయ్య మంత్రగాడు, మూడో పందెంలోపు గురకపెడతాడు. నాచు తొట్లు చూసే పైడమ్మ 'సన్నకత్తి' అనే హంతకురాలు. మా ఊరి పెద్ద జోగారావు, అంటే నా బావమరిది, 'తెల్లగుర్రం దొర'. ధర్మం తప్పడు, అబద్ధం ఆడడు, లొంగినవాడి మీద కత్తి ఎత్తడు.

పక్కనే తొమ్మిది గళ్ళ పలక ఉంటుంది. దాన్ని నడత పలక అంటాం. పై వరస తెల్లగళ్ళు, కింది వరస నల్లగళ్ళు. ఒక్కొక్కరికి ఒక్కో బిళ్ళ. మంచి చేస్తే బిళ్ళ పైకి, చెడు చేస్తే కిందికి. జరిపేది నేను. కథ నడిపేవాడికి బిళ్ళ ఉండదు. పదకొండేళ్ళలో సన్నకత్తి అడుగు గడికి చేరి అక్కడే కాపురం పెట్టింది. తెల్లగుర్రం దొర పై గడి నుంచి వెంట్రుకవాసి కదల్లేదు.

ఎలా కదలకుండా ఉన్నాడో చెప్పాలి. కథలో కోరలవాళ్ళనే మూక ఒకటి ఉంది. యుద్ధంలో వాళ్ళు కొందరు లొంగిపోతారు. ఇప్పుడు బందీలకి తిండి పెట్టాలి, కాపలా కాయాలి, వదిలేస్తే రేపు పదిమందిని వెంటేసుకొస్తారు. దొర ఉండగా చంపడానికి లేదు. అప్పుడు జోగారావు ఒళ్ళు విరుచుకుని, "మా దొర గుర్రానికి నీళ్ళకెళ్తాడు" అనేవాడు. దొర వాగుకి వెళ్ళేవాడు. వచ్చేసరికి బందీలు ఉండరు. సన్నకత్తి కత్తి తుడుచుకుంటూ ఉంటుంది. "అయ్యో, ఏం జరిగింది?" అనేవాడు దొర. అందరం నవ్వేవాళ్ళం. చూడనివాడికి పాపం లేదని నేనే తీర్పు చెప్పాను. ఇప్పటికి ఇరవై మూడుసార్లు నీళ్ళకెళ్ళాడు. అంత నీళ్ళు తాగిన గుర్రం ఏ కథలోనూ ఉండదు.

నాలుగో రోజు

ఒత్తిళ్ళు చూడలేదు. మొదటిసారి.

భోజనశాల గోడకి తూకం సలహా అంటించారు. తూకం మా ఊరి యంత్రం. దానికి సొంత బుద్ధి లేదని దాన్ని తెచ్చిన రోజే చెప్పారు. మన మనుషులు ఇదివరకు ఏం చేశారో, ఏమన్నారో తూచి, ఇప్పుడు ఏం చేస్తే మన నడతకు సరిపోతుందో చెబుతుంది. సలహా ఇది:

"బందీని ఉంచితే గాలి చాలదు. వదిలితే పదిమందితో తిరిగివస్తాడు. మిట్టబిలం వారు పుట్టుకతోనే నల్లగడి వారు. అట్టివారిని చంపిన వారి నడత మారదు. ఆరో రోజు మొదటి గంటకు కొట్టుగది బయటి గొట్టం తెరవవలెను."

కొట్టుగదికి రెండు గొట్టాలు. ఒకటి గాలినిస్తుంది. రెండోది బయటికి, గాలి లేని చోటికి. నిప్పంటుకుంటే ఆర్పడానికి పెట్టింది.

పళ్ళెం పట్టుకుని ఆ కాగితం మూడుసార్లు చదివాను. "పుట్టుకతోనే నల్లగడి వారు, నడత మారదు." ఆ మాట నాది. నాలుగో నోటుపుస్తకంలోది. ఆ సాయంత్రం కథలో కోరలవాళ్ళు ఆరుగురు లొంగిపోయారు. వాళ్ళకి నేను పేర్లు కూడా అనుకోలేదు. మోకాలు సలుపుతోంది, ఇంటికి పోవాలి. పైడమ్మ, "నా బిళ్ళ దిగిపోతాదేటి మావా?" అని అడిగితే, ఆట తొందరగా తెమలాలని ఆ మాట అనేసి రాసుకున్నాను. ఆరుగురు లేని మనుషుల్ని ఒక మోకాలి నొప్పి చంపింది. ఇప్పుడదే ఉన్న మనిషి దాకా వచ్చింది.

నా నోటుపుస్తకాలు పదకొండూ నిరుడు జోగారావు పట్టుకెళ్ళాడు. "నిద్ర పట్టట్లేదు బావా, సదువుకుంటాను" అన్నాడు. నాకెంత గర్వం! నా రాతని ఒకడు అడిగి పుచ్చుకెళ్ళాడని రెండు రోజులు కాళ్ళు నేలకి ఆనలేదు. ఇక్కడ ఎలాగూ సరిగా ఆనవనుకోండి.

తిన్నగా ఆయన గదికి వెళ్ళాను.

"పుస్తకాలు తూకానికిచ్చినావా?"

"కూసో బావా."

"ఇచ్చినావా నేదా?"

"మన ఊరి నడతకి ఆధారాలు సాలవని అది గోల. మనోళ్ళేటి రాసిపెట్టినారు గనక? నువ్వొక్కడివే రాసినావు."

"అది ఆట!"

"ఆటలోనే గదా మనిసి బయటపడతాడు. నువ్వే అంతావు."

అన్నాను. నేను అనే మాటలు చాలా ఉన్నాయి, అదీ ఒకటి.

అప్పుడు తట్టింది. నిరుడు పెద్ద ఎన్నిక. ముగ్గురు నిలబడితే తూకం జోగారావు పేరు చెప్పింది. పదేళ్ళుగా తెల్లగడి వదలని మనిషి అని అందులో రాసి ఉంది. ఆ తెల్లగడి ఏమిటో అప్పుడు నేను ఆలోచించలేదు. నేను జరపని బిళ్ళతో నా బావమరిది ఊరికి పెద్దయ్యాడు.

"మరి తాళం ఎవరు తిప్పుతారు?" అన్నాను.

ఊరి పద్ధతి ఇది: పెద్ద ఊళ్ళో ఉంటే బయటి గొట్టం తాళం తిప్పాల్సింది ఆయనే. లేకపోతే తూకం పేరు చెప్పిన మనిషి తిప్పాలి.

జోగారావు గోడకి ఉన్న పనుల పట్టిక వైపు చూశాడు. ఆరో రోజు, మొదటి గంట: మంచు గని, నీళ్ళ బండి. వెళ్ళేవారు: జోగారావు.

"ఈ వారం వంతు నాది బావా," అన్నాడు. "నీళ్ళకెళ్ళాల."

ఐదో రోజు

తూకం చెప్పిన పేరు పైడమ్మది. కాకపోతే ఇంకెవరిది? ఇరవై మూడుసార్లు చేసిన చెయ్యి.

తొట్ల దగ్గరుంది. పగిలిన అద్దం ముక్కలు ఏరుతోంది. నన్ను చూసి లేవలేదు.

"రా మావా. నీ సన్నకత్తిని సూడ్డానికొచ్చినావా?"

"పైడీ, నాకు తెలీదే."

"అందరూ దారి ఇచ్చేత్తన్నారు మావా నాకు. భోజనాల కాడ పిల్లలు పక్కకి జరిగినారు. ఆటలో సంపినాను. ఆటలో! ఎందుకు సంపినానో ఎప్పుడైనా అడిగినావా?"

అడగలేదు.

"పెదనాన్న దొర సెయ్యడు. కూర్మయ్య బాబాయి నిద్దరోతాడు. నువ్వు నా మొకంకేసి సూత్తావు. ఎవలో ఒకరు సెయ్యకపోతే కత ముందుకెళ్ళదు. మీ ముగ్గురూ తెల్లగుండాలని నేను నల్లగయినాను. నాకేటి సరదా అనుకున్నావా?"

"నువ్వు కాదను. చెయ్యనను."

"నేను కాదంతే ఇంకో పేరు సెప్తాది. రెండో పేరు కూడా అడిగొచ్చినాన్లే." ఒక గాజుముక్క తీసి వెలుతురుకి పట్టి చూసింది. "నీదే."

కొట్టుగది మీదుగా వచ్చాను. బయట కూర్మయ్య కుర్చీలో ఉన్నాడు, ఆశ్చర్యంగా మెలకువగా. గాలి గొట్టం చూడాలని లోపలికెళ్ళాను. బందీకి యాభై ఏళ్ళుంటాయి. చేతులు నా చేతుల్లాగే ఉన్నాయి, గోళ్ళ చుట్టూ నల్లటి జిడ్డు. గొట్టాలవాడు గొట్టాలవాణ్ణి చెయ్యి చూసే పోలుస్తాడు.

"పేరేమిటి?" అన్నాను.

"పేరడిగినోడివి నువ్వొక్కడివే సామీ. ఓబులేసు."

"జల్లెడ ఎందుకు?"

"మా కాడ జల్లెళ్ళు చిల్లులు పడినాయి. పిల్లోళ్ళు దగ్గుతాండారు. అడిగితే మీరు ఇయ్యరని మా పెద్దోళ్ళు చెప్పిరి. ఇచ్చేటోళ్ళేనా?"

గాలి గొట్టం మర ఒకటి వదులుగా ఉంటే బిగించాను. బిగిస్తూనే, మీవాళ్ళు గవ్వలాట ఆడతారా అని అడిగాను. ఇలాంటప్పుడు అడగాల్సిన మాటేనా అది? కానీ అడిగాను.

వాడి మొహం కొంచెం విప్పారింది. "ఆడకేం సామీ. ఎముక ముక్కలతో ఆడతాం. మా ఆటలో కోరలు మీకుంటాయి."

"లొంగిపోతే ఏం చేస్తారు మమ్మల్ని?"

ఓబులేసు తల గోక్కున్నాడు. "మా కాడ ఒక దొర ఉండాడు. శానా ధర్మాత్ముడు. ఆ టయానికి గుర్రానికి మేత వేసేదానికి పోతాడు."

ఇద్దరం నవ్వాం. వాడే ముందు ఆపాడు.

ఆరో రోజు

మొదటి గంటకు ముందే మంచు గని బండి దగ్గరికెళ్ళాను. దాని గాలి గొట్టం మెడ దగ్గర ఒక వాషరు ఉంటుంది, బొటనవేలి గోరంత. తీసి జేబులో వేసుకున్నాను. వాషరుని ఎవరూ పట్టించుకోరు. కనపడనంతకాలం అది పనిచేస్తున్నట్టు. మనుషుల్లో కూడా కొందరు అలాంటివాళ్ళుంటారు, వాళ్ళ గురించి ఇంకోసారి రాస్తాను.

కాసేపటికి బయటి బట్టలు తొడుక్కుని, తలటోపీ చంకలో పెట్టుకుని జోగారావు వచ్చాడు.

"బావా, బండి కారతంది. వాషరు లేదు."

"అరిగిపోయి ఉంటుంది. కొత్తది కొయ్యాలి. సాయంత్రం పడుతుంది."

"నీ జేబులో ఎప్పుడూ రెండుంటాయి."

"ఇవాళ లేవు."

నా జేబు వైపు చూశాడు. నా మొహం వైపు చూశాడు. అరవై ఏళ్ళ నుంచీ ఎరిగినవాళ్ళ మధ్య అబద్ధానికి దాక్కునే చోటుండదు.

"ఇదేటి బావా, నువ్వేనా ఇలాగ సేసింది?" అన్నాడు. మోసపోయింది నిజంగా తనే అన్నట్టు తలటోపీ బండిలో పడేశాడు.

కొట్టుగది ముందు పైడమ్మ ఉంది, కూర్మయ్య ఉన్నాడు, ఊరివాళ్ళు ఓ పదిమంది. పెద్ద ఊళ్ళోనే ఉన్నాడు కాబట్టి పైడమ్మ తాళం ఆయన చేతిలో పెట్టింది. తలుపుకున్న అద్దం వెనక ఓబులేసు నిలబడి ఉన్నాడు. జోగారావు తాళం దూర్చాడు. తిప్పలేదు. అలాగే ఉండి, వెనక్కి తిరక్కుండా, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు:

"బావా, నువ్వో పాలి నీళ్ళకెళ్ళి రా."

నా మోకాళ్ళు అంతకుముందే సలుపుతున్నాయి. నేల మీద కూర్చున్నాను.

"నాకు దాహం లేదు," అన్నాను.

పైడమ్మ నా పక్కన కూర్చుంది. కూర్మయ్య కూర్చున్నాడు, కళ్ళు తెరుచుకునే. మిగతావాళ్ళు నిలబడ్డారు గానీ ఎవరూ కదల్లేదు. జోగారావు మెడ ఎర్రబడింది.

తిప్పాడు.

తిప్పడనుకున్నాను. ఇది దాచకుండా రాయాలి: తిప్పడన్న నమ్మకంతోనే వాషరు తీశాను. చూస్తుండగా చెయ్యలేడనుకున్నాను. పావు వంతు తిప్పాడు. బుస్సుమంది. ఓబులేసు చొక్కా అంచు గొట్టం వైపు ఎగిరింది. వాడు రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. గొట్టాలవాడు కదా, ఆ చప్పుడేమిటో వాడికి తెలుసు. నేను లెక్కపెట్టాను. గొట్టం తెరిస్తే లెక్కపెట్టడం నా అలవాటు. ఒకటి, రెండు. లేచి తాళం లాగలేదు, లెక్కపెట్టాను. పదిహేడు, పద్దెనిమిది.

పంతొమ్మిదికి, "పెదనాన్నా, ఆడి పేరు ఓబులేసంట," అంది పైడమ్మ.

జోగారావు చెయ్యి వెనక్కి తిరిగింది. బుస ఆగింది. ఓబులేసు మోకాళ్ళ మీద పడి దగ్గుతున్నాడు, ముక్కు నుంచి రక్తం. కూర్మయ్య పరుగున తలుపు తీశాడు. వాడు పరిగెత్తడం నేను చూడ్డం ఇదే మొదలు.

జోగారావు తాళం నా ఒళ్ళోకి విసిరి వెళ్ళిపోయాడు. "నీ ఆట నువ్వే ఆడుకో," అన్నాడు.

పదో రోజు

రెండో గొట్టం బాగుంది. నాలుగోది మూలుగుతోంది.

బందీని ఉంచుకోవాలని పెద్దలు తేల్చారు, తూకాన్ని అడక్కుండా. ఓబులేసు పైడమ్మతో తొట్లు అతుకుతున్నాడు. నాచు నాలుగు రోజులు ముందే పట్టేలా ఉందని ఆమె అంటోంది, పొగడ్తగా మాత్రం కాదు. అందరికీ తలనొప్పి ఉంది. చచ్చినవాళ్ళెవరూ లేరు.

ఇవాళ ఆటరోజు. జోగారావు రాలేదు. నాలుగు రోజులుగా నాతో మాటల్లేవు. ఎదురుపడితే, నేనేదో దొంగతనం చేసినట్టు పక్కకి తప్పుకుంటున్నాడు. ఆయన వైపు నుంచి చూస్తే చేశాను కూడా.

పలక తీసి తెల్లగుర్రం దొర బిళ్ళని పై గడి నుంచి దించాను. పదకొండేళ్ళలో మొదటిసారి. మధ్య గడిలో పెట్టాను.

"నీది పైకి తెస్తాను పైడీ," అన్నాను.

"అక్కడే ఉండనీ మావా, అలవాటైపోనాది." కాసేపు గవ్వలు చేతిలో గలగలలాడించింది. తరవాత అంది: "ఒకటి అడుగుతాను. బయటి గొట్టానికి మూత ఎయ్యడం నీకు రాదేటి?"

"వచ్చు."

"ఎంతసేపు?"

"పావుగంట."

"మరి ఎయ్యకుండా పోయి వాషరెందుకు దాసినావు? పెదనాన్న దొర కాడని అందరికీ సూపించాలని. దానికోసం మనిసిని లోపలుంచీసినావు. నీకూ ఆడు ఆటలో బందీయే మావా."

కూర్మయ్య గురక మొదలుపెట్టాడు. బయటికెళ్ళి ఓ చెంబు నీళ్ళు తాగి రావాలనిపించింది, ఒట్టు. లేవలేదు.

జేబులోంచి ఆ వాషరు తీశాను. బండికి కొత్తది కోసి వేసేశాను, ఇది మిగిలింది. నా బిళ్ళగా నడత పలక మీద పెట్టాను, జోగారావు బిళ్ళ కన్నా ఒక గడి కింద. అడుగు వరసలో సన్నకత్తి కొంచెం జరిగి చోటిచ్చినట్టు పైడమ్మ తన బిళ్ళని వేలితో పక్కకి తోసింది. అప్పుడు గవ్వలు వేసింది.

ఆట అయ్యాక పనిముట్ల సంచి తీసుకుని కొట్టుగదికెళ్ళాను. మూత బిగించే ముందు ఒత్తిడి చూశాను.

కొట్టుగది, బయటి గొట్టం: శాశ్వతంగా మూసివేయబడినది. పని సమయం: పావుగంట. ఆలస్యం: ఆరు రోజులు.